పంటిలో పురుగు ఉందా?

ఎనిమిదేళ్ల పాపకు పన్ను నొప్పి. రాత్రంతా ఏడ్చింది. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

"పంటికి పురుగు పట్టిందే. సంతలో పొగ పట్టించి పురుగులు తీసేవాడు ఉంటాడు. తీసుకుపో" అంది నాయనమ్మ.

"వద్దత్తమ్మా! పట్నం ఆసుపత్రికి పోదాం. నువ్వూ రా" అంది తల్లి.

ముగ్గురూ పోయారు. డాక్టరమ్మ గదిలో లైటు ఆర్పింది. పాప నోట్లో చిన్న నీలి దీపం పెట్టింది. దానికి కెమెరా ఉంది. పాప పళ్లు టీవీలో పెద్దగా కనిపించాయి.

బాగున్న పళ్లు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. నొప్పి పుట్టే పన్ను గుంటలో ఎర్రగా ఉంది. అవతలి దవడలో ఇంకో పన్ను మీద చిన్న నల్లమచ్చ ఉంది. ఆ పన్ను నొప్పి లేదు.

"పురుగు ఏదీ? కనపడదేం?" అని అడిగింది నాయనమ్మ.

"పురుగు లేదు పెద్దమ్మా" అంది డాక్టరమ్మ.

ఆ వెలుగు ఎక్కడిది?

బ్యాంకులో 500 రూపాయల నోటును ఒక దీపం కింద పెట్టి చూస్తారు. నోటు మీది అంకెలు మెరుస్తాయి. దీపం తీస్తే మెరుపు పోతుంది.

ఆ దీపం నుంచి కంటికి కనపడని కిరణాలు వస్తాయి. వాటిని అతినీలలోహిత కిరణాలు అంటారు. కొన్ని వస్తువులు ఆ కిరణాలను పీల్చుకుంటాయి. వాటిని కంటికి కనపడే వెలుగుగా మార్చి ఇస్తాయి. దీన్నే ప్రతిదీప్తి అంటారు.

మన పళ్లకు ఈ గుణం పుట్టుకతోనే ఉంది. ఆ కిరణాలు పడితే పళ్లు నీలం కలిసిన తెలుపుతో మెరుస్తాయి. 1911లో హాన్స్ స్ట్యూబెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ సంగతి రాశాడు. పుచ్చిన చోట మెరుపు వేరుగా ఉంటుందని 1928లో బెనెడిక్ట్ అనే శాస్త్రవేత్త రాశాడు. డాక్టరమ్మ వాడింది నీలి దీపం. అందుకే ఆకుపచ్చగా కనిపించింది.

నలుపెందుకు? ఎరుపెందుకు?

నోట్లో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తిన్న తీపిని అవీ తింటాయి. పులుపును వదులుతాయి. ఆ పులుపు పంటిలోని సున్నాన్ని కరిగిస్తుంది. సున్నం పోయిన చోట మెరుపు తగ్గుతుంది. అదే నల్లమచ్చ.

కొన్ని సూక్ష్మజీవులు పార్ఫిరిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. నీలి దీపం పడితే అది ఎర్రగా మెరుస్తుంది. పాత పాచి కూడా ఎర్రగానే మెరుస్తుంది. అందుకే డాక్టర్లు దీపం ఒక్కదాన్నే నమ్మరు. పన్నును బాగా చూస్తారు. అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు.

సంతలో తీసి చూపించే పురుగులు పంటిలోవి కావు. అది మోసం.

నొప్పి దాకా ఆగవద్దు

పాపకు నొప్పి పుట్టింది దవడ పన్ను. అది ఆరేళ్లకు వస్తుంది. చాలామంది పాలపన్ను అనుకుంటారు. కాదు. అది పోతే మళ్లీ రాదు. డాక్టరమ్మ దాన్ని పీకలేదు. పుచ్చు తీసి, సిమెంటు నింపింది.

రెండో పన్నుకు ఇంకా గుంట పడలేదు. ఇప్పుడే జాగ్రత్తపడితే పుచ్చు ఆగుతుంది. గుంట పడితే మాత్రం దానంతట అది పూడదు.

ఈ దీపం అన్ని ఆసుపత్రుల్లో ఉండదు. ఇంట్లో ఇలాంటి దీపాలతో చూడకూడదు. కళ్లకు చెరుపు. మన కళ్లు చాలు. పగటి వెలుతురులో పిల్లల పళ్లు చూడాలి. సున్నం లాంటి తెల్లమచ్చ గానీ, గోధుమరంగు మచ్చ గానీ కనపడితే డాక్టరుకు చూపించాలి. రోజుకు రెండుసార్లు పళ్లు తోమాలి. రాత్రి తోమడం మరవకూడదు. మాటిమాటికీ తీపి పెట్టకూడదు.

ఇంటికి వస్తుంటే నాయనమ్మ అంది: "నా పళ్లన్నీ పురుగు తిన్నదనే పీకించుకున్నాను. దీని పళ్లయినా నిలవాలి."

ఆలోచించండి: మీ ఇంట్లో పిల్లల పళ్లు చివరిసారి ఎప్పుడు చూశారు?