డ్రాగన్‌ని చంపడానికి మూడేళ్ల ప్రిపరేషన్!

ఆదివారం పొద్దున అబిడ్స్ వెళ్లారా? మిగతా రోజుల్లో కిటకిటలాడే షాపుల షట్టర్లు ఆ రోజు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలే. ఓ పక్క ఇంటర్ గైడ్లు, గ్రూప్స్ బిట్ బ్యాంకులు. ఇంకో పక్క అట్టలు నలిగిన ఇంగ్లిష్ నవలలు. ఫ్యాంటసీ కావాలంటే మన చెయ్యి ముందు హ్యారీ పోటర్ మీదకే పోతుంది. ఈసారి అక్కడితో ఆగకుండా ఇంకో పేరు వెతకండి: 'ద హీరో అండ్ ద క్రౌన్'.

అమెరికన్ రచయిత్రి రాబిన్ మెకిన్లీ రాసిన ఈ నవల 1984లో వచ్చింది. హ్యారీ పోటర్ మొదటి పుస్తకానికి 13 ఏళ్ల ముందన్నమాట. 1985లో అమెరికాలో బాలల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ కూడా దీనికే దక్కింది. అయినా మన దగ్గర ఫ్యాంటసీ ముచ్చట్లలో దీని పేరెత్తేవాళ్లు తక్కువే.

హీరోయిన్ ఏరిన్, డమార్ అనే రాజ్యానికి రాజుగారి ఒక్కగానొక్క కూతురు. పేరుకే రాకుమారి. వాళ్లమ్మ ఉత్తరాది నుంచి వచ్చిన పరాయి మనిషి. మంత్రం వేసి రాజుని వలలో వేసుకుందనీ, మగపిల్లాడు పుట్టలేదన్న దిగులుతో పోయిందనీ జనం గుసగుసలు. దానికి తోడు రాజవంశీకులకు వచ్చే మంత్రశక్తి ఏరిన్‌లో కనిపించదు. చుట్టాలమ్మాయి గలాన్నా దెప్పుతూనే ఉంటుంది. రాజరక్తం లేనివాళ్లు తింటే చస్తారనే ఆకు ఒకటుంది. పౌరుషానికి పోయి ఏరిన్ దాన్నే నమిలేసి, చాలాకాలం మంచాన పడుతుంది.

అసలు కథ అక్కడే మొదలవుతుంది. కాలికి దెబ్బతగిలి పక్కన పెట్టేసిన యుద్ధాశ్వం తలాత్‌తో ఆమెకు దోస్తీ కుదురుతుంది. ఓ పాత పుస్తకంలో డ్రాగన్ మంటకు కాలకుండా కాపాడే లేపనం గురించి కనిపిస్తుంది. ఏమేం కలపాలో ఉంది, ఎంతెంత కలపాలో లేదు! ఇక కలపడం, పుల్లకు పూసి మంటలో పెట్టడం, అది కాలిపోతే మళ్లీ మొదలు. అలా మూడేళ్లు.

ఇదే ఈ నవలలో నాకు బాగా నచ్చింది. ఏరిన్‌కి వరాలు దొరకవు. ఓపిక ఉంది. తొలి గెలుపులకు చప్పట్లు కూడా పెద్దగా పడవు, ఎందుకంటే చిన్న డ్రాగన్లను చంపడం ఆ రాజ్యంలో ఎలుకలు పట్టడంతో సమానం. తర్వాత మార్ అనే మహా డ్రాగన్‌కి ఒంటరిగా ఎదురెళ్తుంది. ఆ పోరు ఆమె ఒంటినీ మనసునీ ఏం చేసిందో కూడా రచయిత్రి దాచలేదు.

మెట్రోలో నాంపల్లి దిగి అబిడ్స్‌కి నడిచొచ్చేవాళ్లకు ఇది పరాయి కథ అనిపించదు. ఇంటర్ బోర్డు, పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసులు ఆ నాంపల్లిలోనే ఉన్నాయి కదా! రిజల్ట్స్ రోజు "పక్కింటమ్మాయికి వచ్చింది, నీకెందుకు రాలేదు?" అన్న మాట పడ్డవాళ్లెవరికైనా ఏరిన్ తెలిసిన మనిషే. కాలిపోయిన ప్రతి పుల్లా ఆమెకు ఓటమి కాదు, తర్వాతి ప్రయత్నానికి లెక్క.

ఒక్క హెచ్చరిక. మొదట్లో కథ ముందుకీ వెనక్కీ వెళ్తుంది, కొంచెం ఓపిక పట్టండి. ఇదే లోకంలో జరిగే 'ద బ్లూ స్వోర్డ్' 1982లోనే వచ్చినా, కథాకాలం ప్రకారం ఏరిన్‌దే ముందు. కాబట్టి దీంతోనే మొదలెట్టొచ్చు.

అన్నట్టు, ఫుట్‌పాత్ మీద పుస్తకం కనబడితే ఎగిరి గంతేయకండి. మీ మొహం చూసే రేటు చెప్తారు!