వేరుసెనగ వర్తకము: గుడియాత్తం పొలము నుండి మార్సేయ్ రేవు వరకు

వేలూరు, గుడియాత్తం ప్రాంతపు మెట్టపొలములలో వానను నమ్ముకొని పండించు పంటలలో వేరుసెనగ ముఖ్యమైనది. తెలుగు సేద్యగాండ్రు దీనిని సెనక్కాయ యందురు. ఈ కాయ పొలము విడిచిన పిమ్మట ఎన్ని చేతులు మారి ఎంతదూరము పోయెడిదో విచారించినచో ప్రపంచ వర్తకపు తీరు బోధపడును.

పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమునుండి మద్రాసు రాజధానిలోని వేరుసెనగ ఫ్రాన్సు దేశమందలి మార్సేయ్ పట్టణపు నూనె మరలకు విశేషముగా ఎగుమతి యయ్యెను. 1869లో సూయజు కాలువ తెరువబడి ఓడప్రయాణము తగ్గెను. 1870లో సముద్రపు తంతి బొంబాయిని ఇంగ్లండుతో కలిపెను. 1879లో విళుప్పురమునుండి పుదుచ్చేరి రేవునకు రైలు నడిచెను. పిమ్మట వేలూరును ఆ మార్గముతో కలిసినది.

రైతు పంటకు ముందే గ్రామవర్తకుని యొద్ద అప్పు గొనుట వాడుక. అందుచే కాయ ఆతనికే చేరి, తరగరి మూలమున బస్తీ మండీకి పోయెడిది. కాయను తడిపి ఒలుచుట తేలిక. కాని అట్టి పప్పు ఓడలో ముక్కి నూనె చెడును. మార్సేయ్ వర్తకుడు అందుకై తగ్గించిన ధర తుదకు రైతుమీదనే పడెడిది.

ఎగుమతి సంస్థలలో రాలీ సోదరులు, వోల్కార్ట్ సోదరులు ప్రసిద్ధులు. వోల్కార్ట్ సంస్థ 1851లో స్విట్జర్లాండులోని వింటర్‌తూరునందును, బొంబాయియందును ఒకేసారి స్థాపింపబడినది. ఇట్టి సంస్థలు ఐరోపా ధరను తంతివలన తెలిసికొని, అందుండి ఓడకూలి, రైలుకూలి, బీమా, వడ్డి, లాభము తీసివేసి, మిగిలినదానినే ఇచటి ధరగా నిర్ణయించెడివి. ఇచట సరకు కొనుచునే, అచట రాబోవు నెలల సరఫరాకు అమ్మకపు ఒప్పందము వ్రాసికొనెడివి. కావున పిమ్మట ధర పడినను వానికి నష్టము స్వల్పము.

రైతునకట్టి రక్షణ లేకుండెను. 1929 తరువాతి ఆర్థికమాంద్యమున కాయ ధర కూలినను అప్పు తగ్గలేదు. తూకములను, తరగును అదుపుచేయుటకై 1933లో మద్రాసు వాణిజ్య పంటల విక్రయశాలల చట్టము వచ్చెను.

నేడు ప్రవాహము తిరుగబడినది. భారతదేశము తాను వాడు వంటనూనెలో సగమునకు పైగా దిగుమతి చేసికొనుచున్నది. ఇండొనీషియా, మలేషియాల పామాయిలు కాకినాడ, కృష్ణపట్నం రేవులకు వచ్చి శుద్ధి యగుచున్నది. కార్గిల్, బంగీ, విల్మర్ వంటి మహాసంస్థలు ఈ వర్తకమున నున్నవి. వార్త ముందుగా తెలియుట, కొనుగోలును అమ్మకముతో ముడివేయుట అను పాతసూత్రములే వానికిని ఆధారము. వేలూరు అంగడిలో వేరుసెనగనూనె ఆ పామాయిలుతో పోటీపడవలసి యున్నది.

కాయను చక్కగా ఎండబెట్టుట, తూకము సరిచూచుట, పలుమండీల ధరలు తెలిసికొని అమ్ముట చిన్నపనులుగా తోచును. కాని దూరదేశపు ధరలో సేద్యగాని పాలు తరిగిపోవు చోట్లివియే. ఆతని చేతనున్న ఉపాయములును ఇవియే.