గినీపందుల జగడం, రాజీ

పేరులో పంది ఉన్నది గాని, గినీపంది పంది కాదు. గినీ దేశానికీ దానికీ సంబంధం కూడా లేదు. ఎలుకలాగా, ఉడతలాగా ఇది కొరికి తినే జాతి జంతువు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో, ఇప్పటి పెరూ, బొలీవియా ప్రాంతాల ప్రజలు దీన్ని కొన్నివేల సంవత్సరాల క్రితమే మాంసం కోసం ఇళ్ళలో పెంచారు. అక్కడ దీని పేరు "కుయ్". 16వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్ళు దీన్ని యూరప్‌కు తెచ్చారు. అక్కడ ఇది ముద్దుగా పెంచుకునే జంతువయింది. ఈనాడు మన పట్టణాలలోనూ కొందరు పిల్లలు దీన్ని పెంచుకుంటున్నారు.

గినీపందికి ఒంటరితనం బొత్తిగా పనికిరాదు. స్విట్జర్లండులో 2008లో అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, గినీపందిని తోడు లేకుండా పెంచటం చట్టవిరుద్ధం. అందుచేత కనీసం రెండిటిని పెంచాలి. అయితే ఒక మగదాన్నీ, ఒక ఆడదాన్నీ తెస్తే కొద్ది నెలలలో గూడంతా పిల్లలతో నిండిపోతుంది. అందుకని చాలామంది రెండు మగవాటిని తెచ్చుకుంటారు. చిక్కు ఇక్కడే వస్తుంది.

ఒక గూటిలో రెండు మగ గినీపందులు ఉన్నాయనుకుందాం. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. పిల్లలుగా ఉన్నప్పుడు రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని పడుకునేవి. మూడు నెలలు దాటేసరికి నల్లది తెల్లదాన్ని గూడంతా తరమసాగింది. దానికి వచ్చినది రోగం కాదు, యౌవనం! ఇద్దరిలో ఎవరు పెద్ద అన్నది ఇప్పుడు తేలాలి.

ఇలాంటప్పుడు మనం రెండు రకాల పొరపాట్లు చెయ్యవచ్చు. చిన్న తగువుకే భయపడి రెండిటినీ శాశ్వతంగా విడదీస్తే, రెండూ ఒంటరివవుతాయి. నిజమైన పోట్లాటను చూస్తూ ఊరుకుంటే, ఒకటి తీవ్రంగా గాయపడుతుంది. అందుచేత వాటి భాష మనకు తెలియాలి.

నడుము ఊపుకుంటూ, గుర్రుగుర్రుమని నెమ్మదిగా తిరగటం, వాసన చూడటం, తరమటం, మీదికి ఎక్కటం, ముట్టె పైకెత్తి నిలబడటం—ఇవన్నీ మాటలే. "నేను పెద్ద!" అని ఒకటి అంటున్నదన్నమాట. రెండోది పక్కకు తప్పుకుంటే, "సరే" అన్నట్టు. వీటిలో మనం జోక్యం చేసుకోరాదు.

పళ్ళు టకటక కొట్టుకోవటం, మెడమీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవటం, ఎదురెదురుగా బిగుసుకుని నిలబడటం హెచ్చరికలు. అప్పుడు దగ్గరే ఉండి కనిపెట్టాలి. కాస్త కొత్తిమీర రెండు చోట్ల వేస్తే ఒక్కొక్కప్పుడు కోపం మరిచి తినటం మొదలుపెడతాయి.

రెండూ ఒకదానిమీదికొకటి దూకి, బంతిలాగా చుట్టుకుని దొర్లుతూ కరుచుకుంటే మాత్రం అది అసలైన పోట్లాట. వెంటనే విడదీయాలి. కాని ఉత్త చెయ్యి మధ్యలో పెట్టవద్దు! వాటి ముందుపళ్ళు లోతుగా దిగుతాయి. పెద్దవాళ్ళను పిలవండి. మందమైన తువాలు మీద వేసిగాని, అట్టముక్క అడ్డంపెట్టిగాని విడదీయవచ్చు. తరువాత వెంట్రుకలు పాయలుతీసి గాయాలు వెతకాలి. పైకి కనిపించని చిన్న కాటు కూడా లోపల చీము పట్టవచ్చు గనక, పశువుల డాక్టరుకు చూపించటం మంచిది. ఎన్నాళ్ళో స్నేహంగా ఉన్నవి హఠాత్తుగా తగవులాడితే, వాటిలో ఒకదానికి ఎక్కడో నొప్పి ఉన్నదేమో కూడా డాక్టరే చూడాలి.

మరి కొన్ని మగ గినీపందులు ఏ గొడవా లేకుండా ఎలా కలిసి ఉంటాయి? జర్మన్ శాస్త్రజ్ఞుడు నార్బర్ట్ జాక్సర్, ఆయనతో పరిశోధించిన మరొకరు ఈ సంగతి పరీక్షించి 1991లో ప్రకటించారు. పెద్ద మందలో పెరిగిన మగవాటిని ముక్కూముఖం తెలియని మరొక మగదానితో కలిపితే, అవి అంతగా కొట్లాడకుండానే ఎవరు పెద్దో తేల్చుకున్నాయి. ఒక్క ఆడతోడుతో మాత్రమే పెరిగిన మగవి తీవ్రంగా పోట్లాడుకున్నాయి. ఈ తేడాకు కారణం ఏమంటే, మందలోని కుర్రమగది తనకన్నా పెద్ద మగవాటి దగ్గర మసలుతూ, ఎప్పుడు తగ్గాలో నేర్చుకుంటుంది. తగ్గటం కూడా ఒక విద్యే! అందుకనే సాధారణంగా ఒక పెద్దదానికీ ఒక చిన్నదానికీ బాగా పొత్తు కుదురుతుంది.

ఇక విడిపోయిన మన నల్లదాన్నీ తెల్లదాన్నీ మళ్ళీ కలపాలి. గాయాలు మానేదాకా మధ్య జల్లెడతీగ కట్టి పక్కపక్కనే ఉంచాలి. ఒకదాని గుడ్డ రెండోదాని గూటిలో వేస్తూ ఉంటే వాసన మరిచిపోవు. తరువాత ఒక చల్లని పూట చూసుకుని—వీటికి మన ఎండ పడదు—రెండిటినీ కొత్త చోట దించాలి. ఏదైనా వసారాలో పాత దుప్పటి పరిస్తే చాలు. అది ఎవరి సొంతమూ కాకూడదు, అంతే. అక్కడక్కడా ఎండుగడ్డి కుప్పలు వెయ్యాలి. చుట్టుపక్కల ఆడ గినీపంది ఉండరాదు. దాని వాసనకే పాత పగ లేస్తుంది.

తరమటం, గుర్రుమనటం మళ్ళీ మొదటినుంచి జరుగుతాయి. అసలైన పోట్లాటకు దిగనంతవరకు, రక్తం రానంతవరకు విడదీయవద్దు. మధ్యలో ఎత్తేస్తే ఆ లెక్క తేలదు, రేపు మళ్ళీ మొదలవుతుంది. కొన్ని గంటలు ఓపికపట్టాలి. రెండూ ఒకే కుప్ప దగ్గర తిని, పక్కపక్కన మేను వాల్చాయంటే రాజీ కుదిరినట్టే. ఈలోగా గూడు శుభ్రంగా కడిగి, సామాను చోట్లు మార్చి, అప్పుడు రెండిటినీ అందులో ఉంచాలి.

గూడు నాలుగడుగుల పొడవూ రెండున్నర అడుగుల వెడల్పూ అయినా ఉండాలి. ఇంకా పెద్దదైతే మరీ మంచిది. నీళ్ళు రెండు చోట్ల, గడ్డి రెండు చోట్ల, దాక్కోవటానికి రెండు ఇళ్ళు ఉండాలి. ప్రతి ఇంటికీ రెండు వాకిళ్ళుండాలి. ఒకటే వాకిలి ఉంటే ఓడినది లోపల చిక్కిపోతుంది. వారానికొకసారి రెండిటినీ తూచాలి. ఒకటి బరువు తగ్గుతుంటే, రెండోది దాన్ని తిండి దగ్గరికి రానివ్వటం లేదేమో కనిపెట్టాలి.

ఇంత చేసినా కొన్ని జతలు కలవవు. మళ్ళీ రక్తం వస్తే బలవంతం చెయ్యరాదు. జల్లెడతీగకు ఇటొకటి, అటొకటి ఉంచితే, ఒకదాన్నొకటి చూసుకుంటూ, కూతలతో పలకరించుకుంటూ ఇరుగుపొరుగుగా బతుకుతాయి. అదీ తోడే.