కొత్త అటక ఎందుకు ఊగుతుంది?

అక్కలారా! పెంకుటిళ్ళలో చెక్క అటక ఉంటుంది. ధాన్యం బస్తాలు, పప్పుల డబ్బాలు, ఊరగాయ జాడీలు దానిమీదే పెడతాం. ఏది కావాలన్నా నిచ్చెన ఎక్కేది ఎక్కువగా మనమే. కింద పిల్లలు పడుకుంటారు.

కొన్ని ఇళ్ళలో కొత్తగా వేసిన అటక కూడా కాలు పెడితే ఊగుతుంది. "కొత్తది కదా, అదే సర్దుకుంటుందిలే" అంటారు. అది సర్దుకోదు. ఊగడానికి కారణం ఏమిటో చూడాలి.

అటక చెక్కలు దూలాల మీద ఆనుకొని ఉంటాయి. దూలాలు గోడల మీద ఆనుకొని ఉంటాయి. ముందు బరువులన్నీ దించండి. తర్వాత ఈ మూడు చోట్లా చూడండి.

1. దూలం కదులుతోందా?

ఇది అన్నిటికంటే ప్రమాదం. పాత దూలాల మీదే కొత్త చెక్కలు వేస్తుంటారు. దూలం గోడలోకి దిగేచోట చెమ్మ చేరుతుంది. చెదలు పడతాయి. అక్కడ మట్టి చారలు ఉన్నాయా చూడండి. కత్తి మొనతో గుచ్చండి. మెత్తగా దిగితే దూలం పుచ్చినట్టే. ఇక ఎవరినీ ఎక్కనివ్వకండి. కింద పిల్లల్ని పడుకోబెట్టకండి. వెంటనే వడ్రంగిని పిలిచి దూలం మార్పించండి.

2. చెక్క టకటకమంటోందా?

దూలాలు గట్టిగా ఉంటే, నిచ్చెన మీద నుంచి చెక్కలను ఒక్కొక్కటే నొక్కండి. టకటకమంటే చెక్కకూ దూలానికీ మధ్య సందు ఉన్నట్టు. పచ్చి కర్ర వాడితే ఇలా అవుతుంది. పచ్చి కర్రలో నీరు ఉంటుంది. ఆరేకొద్దీ చెక్క వెడల్పు తగ్గుతుంది, మెలి తిరుగుతుంది. మేకులు వదులవుతాయి. సందులో పలచని చెక్క ముక్క దూర్చి, పాత బెజ్జం పక్కన కొత్త మేకు కొట్టించండి. అంగుళం మందం చెక్క నీడలో ఆరడానికి సుమారు ఏడాది పడుతుంది.

3. చప్పుడు లేకుండా వంగుతోందా?

అయితే దూలాల మధ్య దూరం ఎక్కువైంది. లేదా చెక్క పలచనైంది. ఈ లెక్క చూడండి. దూలాల మధ్య 2 అడుగులు ఉంటే చెక్క కొంచెం వంగుతుంది. అదే చెక్క, అదే బరువు, 4 అడుగుల దూరం అయితే 8 రెట్లు వంగుతుంది! చెక్కలన్నీ మార్చనక్కరలేదు. మధ్యలో ఇంకో దూలం వేయిస్తే చాలు.

ధాన్యం బస్తా 75 కిలోలు. అంటే ఒక మనిషి కంటే ఎక్కువ బరువు. బస్తాలను అటక నడిమధ్యలో పెట్టకండి. గోడ దగ్గరగా, దూలాల మీదికి వచ్చేలా పెట్టండి.

కొత్తగా అటక వేయించేముందే వడ్రంగిని అడగండి: కర్ర ఎన్నాళ్ళు ఆరింది? చెక్క మందం ఎంత? దూలాల మధ్య ఎన్ని అడుగులు? పని అయ్యాక టేపు పెట్టి మీరే కొలవండి. అంకెలు మీరే చదవండి. ఆ తర్వాతే మిగతా డబ్బు ఇవ్వండి.