టాప్ విరగకుండా మర కోయాలంటే

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండుతుంది కాబట్టే మిర్యాలగూడ, కోదాడల్లో అన్ని రైసుమిల్లులు. మిల్లులున్న చోట లేత్ వర్క్‌షాపులకు పని తప్పదు. ఫ్లాంజికో, బేరింగ్ హౌసింగ్‌కో బోల్టు రంధ్రాలు వేయాలి. ఎం10 బోల్టయితే 8.5 మి.మీ. డ్రిల్ దించితే సరి. కష్టమంతా ఆ రంధ్రంలో మర కోయడంలోనే. మర కోసే పనిముట్టే టాప్. దాన్ని చేత్తో తిప్పే ఫిట్టర్, బిగుస్తోందని తెలియగానే కొంచెం వెనక్కి తిప్పి తుంపు తెంచుతాడు. మెషిన్‌కు ఆ స్పర్శ లేదు. టాప్ లోపలే విరిగితే ఒక్కోసారి జాబే, అంటే కోస్తున్న భాగమే పోతుంది.

ఎం10 టాప్ ఒక చుట్టుకు 1.5 మి.మీ. దిగుతుంది. నిమిషానికి 500 చుట్లయితే, టాప్‌ను తిప్పే స్పిండిల్ నిమిషానికి 750 మి.మీ. వేగంతో దిగాలి. ఆ రెండు అంకెలూ ఇచ్చి వదిలేస్తే చాలదా? చాలదు. కోత బరువుకు మోటారు 480కి తగ్గిందనుకోండి. 20 మి.మీ. లోతుకు వెళ్లేసరికి టాప్ 19.2 మి.మీ. మాత్రమే కోసి ఉంటుంది. మిగిలిన 0.8 మి.మీ.ను స్పిండిల్‌ను పైకీ కిందికీ నడిపే జెడ్ అక్షం బలవంతంగా నెడుతుంది. మర చిరుగుతుంది, లేదా టాప్ విరుగుతుంది. స్ప్రింగుతో సాగే హోల్డర్ ఈ తేడాను కొంత మింగుతుంది.

రిజిడ్ ట్యాపింగ్‌లో ఆ స్ప్రింగు అక్కర్లేదు. జెడ్ అక్షం గడియారాన్ని కాక స్పిండిల్‌ను అనుసరిస్తుంది. అది నెమ్మదిస్తే ఇదీ నెమ్మదిస్తుంది, ఆగితే ఆగుతుంది.

సూర్యాపేటలో ఇంటి షెడ్డులోని చిన్న మిల్లింగ్ మెషిన్‌కైనా ఈ ఏర్పాటు సాధ్యమే. స్పిండిల్‌కు దాని తిరుగుడును లెక్కించే ఎన్‌కోడర్ కావాలి. ఖరీదైనదే కానక్కర్లేదు. 100 గాడుల బిళ్ల, రెండు సెన్సర్లు ఉంటే చుట్టుకు 400 లెక్కలొస్తాయి. ఎం10 మరలో ఒక్కో లెక్క 4 మైక్రాన్ల లోపే. చుట్టుకు ఒక్కసారే పలికే ఇండెక్స్ గుర్తు మూడోది. కోత ఎక్కడ మొదలవ్వాలో అదే చెబుతుంది. ఎన్‌కోడర్‌ను మోటారుకు బిగించవద్దు. మధ్యలో వి-బెల్టు జారితే లెక్క మొత్తం తప్పుతుంది. స్పిండిల్‌కే బిగించాలి, కుదరకపోతే సమాన పళ్ల పుల్లీలతో పళ్ల బెల్టు వేయాలి.

లైనక్స్‌సీఎన్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇందుకు జీ33.1 ఆదేశం ఉంది. జెడ్ దగ్గర లోతు, కే దగ్గర 1.5 ఇస్తే చాలు. అడుగుకు చేరగానే స్పిండిల్‌ను వెనక్కి తిప్పమంటుంది. మోటారు వెంటనే ఆగదు, ఇంకొంత ముందుకు తిరుగుతుంది. జెడ్ కూడా దానితోపాటే దిగుతూ పోతుంది. అడుగు మూసిన రంధ్రాల్లో టాపులు విరిగేది ఎక్కువగా ఇక్కడే. అందుకే మొదట జాబుకు పైన గాలిలో నడిపి, ఇచ్చిన లోతు దాటి ఎంత దిగిందో కొలవాలి. వేగం మార్చితే ఆ కొలతా మారుతుంది, మళ్లీ చూడాలి. డ్రిల్‌ను అంత అదనంగా, దానికి తోడు అడుగున తుంపు పడే చోటు కూడా కలుపుకొని దించాలి.