అప్‌డేట్ చేద్దామా, వద్దా?

మన తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోట డాక్టరుగారు కనిపిస్తే బీపీ గురించి, నాలాంటి కంప్యూటర్ కన్సల్టెంట్ కనిపిస్తే ల్యాప్‌టాప్ గురించి అడగడం మామూలే. నన్ను అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏమండీ, ఈ అప్‌డేట్లు నిజంగా వేసుకోవాలంటారా? చక్కగా నడుస్తున్న దాన్ని కదపడం ఎందుకు?" నా జవాబు ఒక్కటే: వేసుకోవాలి. ఎందుకో, ఎలాగో తెలిస్తే భయం కూడా ఉండదు.

పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెబుతాను. మన ఊళ్ళలో పెంకుటిళ్ళుండేవి. వానలు మొదలయ్యే ముందు తాతయ్యలు మనుషుల్ని పిలిపించి పెంకులు సర్దించేవారు. ఇల్లు కురుస్తోందని కాదు, కురవకూడదని. కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా మనుషులు రాసినవే. విండోస్ లాంటి దాంట్లో కోట్ల లైన్లుంటాయి. అన్ని లైన్లలో ఎక్కడో ఒక పెంకు జరిగే ఉంటుంది. కనబడిన ఆ కంతను పూడ్చేదే సెక్యూరిటీ అప్‌డేట్.

ఇక్కడొక చిక్కుంది. అప్‌డేట్ విడుదల కాగానే కంత ఎక్కడుందో దొంగలకూ తెలిసిపోతుంది. పాత ప్రోగ్రామునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, ఏం మారిందో చూస్తే చాలు. అందుకే అప్‌డేట్ వచ్చాక కూడా వేసుకోనివారికి ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

ఇది ఊరికే భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. 2017 మే 12న "వాన్నా క్రై" అనే వైరస్ ప్రపంచం మీద పడింది. ఫైళ్ళన్నింటికీ తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కడితేనే తీస్తానంది. దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ఇంగ్లండులో ఆస్పత్రులు వేలాది అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. విచారకరమైన సంగతేమిటంటే, ఆ కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే ఇచ్చింది. దెబ్బతిన్న వాటిలో అత్యధికం ఆ అప్‌డేట్ అందుబాటులో ఉన్న విండోస్ 7 కంప్యూటర్లే!

అదే ఏడాది ఇక్కడ అమెరికాలో ఎక్విఫాక్స్ కథ జరిగింది. ఆ సంస్థ వాడుతున్న ఒక సాఫ్ట్‌వేర్‌కు మార్చిలోనే మరమ్మతు వచ్చినా వేయలేదు. మే నెలలో దొంగలు అదే దారిన లోపలికి వచ్చారు. సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు, చాలామంది సోషల్ సెక్యూరిటీ నంబర్లతో సహా, వాళ్ళ చేతికి చిక్కాయి.

మరి అప్‌డేట్ వల్లే కంప్యూటర్ పాడైతే? ఇది న్యాయమైన ప్రశ్నే. 2018 అక్టోబర్‌లో వచ్చిన ఒక విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్ళను చెరిపేసింది. మైక్రోసాఫ్ట్ దాని పంపిణీ ఆపి సరిదిద్దింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ 85 లక్షల కంప్యూటర్లను నిలిపివేసింది. విమానాలు ఆగిపోయాయి. అయితే మొదటిది కొత్త హంగులు తెచ్చే పెద్ద అప్‌డేట్. రెండోది పెద్ద సంస్థలు వాడే సాఫ్ట్‌వేర్‌ది. ఇళ్ళలోని కంప్యూటర్లకు దానితో సంబంధం లేదు. కాబట్టి పెద్ద అప్‌డేట్లకు కొన్ని వారాలు ఆగినా ఫర్వాలేదు. నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లను మాత్రం నాలుగైదు రోజుల్లో వేసుకోండి. ముందుగా ఫొటోలు, ముఖ్యమైన కాగితాలు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకుంటే, ఏం జరిగినా నిశ్చింతగా ఉండవచ్చు.

మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబర్ నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు ఇస్తోంది. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదంటారా? బుధవారం చేసుకోండి! మంచి రోజు కోసం నెలల తరబడి మాత్రం ఆగకండి. ఆటోమేటిక్‌గా పడేలా పెట్టుకుంటే మరీ మంచిది.

ఇక అసలు సంగతికొస్తాను. మనం కొత్త ఫోన్ కొనుక్కుని, పాతది చాక్లెట్లతో పాటు సూట్‌కేసులో పెట్టి ఇండియాలో అమ్మానాన్నలకు ఇస్తాం. అది వాట్సాప్‌తో మొదలై, కొన్నాళ్ళకు బ్యాంకు పనులకూ, ఫోన్‌పేకూ వస్తుంది. నాన్నగారి పెన్షన్ డబ్బులన్నీ అందులోంచే నడుస్తాయి. కాని కంపెనీ ఆ మోడల్‌కు అప్‌డేట్లు ఆపేసి మూడేళ్ళయి ఉండవచ్చు. పైకి నిగనిగలాడుతున్న ఫోన్ లోపల కంతలతో ఉంటుంది. ఇచ్చేముందు సెట్టింగ్స్‌లో చివరి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. చాలా పాతదైతే పాటలకు, ఫొటోలకు ఇవ్వండి, బ్యాంకుకు వద్దు. 2023లో వచ్చిన పిక్సెల్ 8 నుంచి గూగుల్, 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24 నుంచి శామ్‌సంగ్ ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామన్నాయి. కొనేటప్పుడే ఇలాంటివి చూసుకుంటే ఆ ఫోన్ రెండో ఇంట్లో కూడా భద్రంగా పనిచేస్తుంది. ల్యాప్‌టాప్‌ల సంగతీ అంతే. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి.

పెద్దవాళ్ళకు మరో మాట తప్పక చెప్పండి. వెబ్‌పేజీ మధ్యలో "మీ ఫోన్‌కు వైరస్ పట్టింది, వెంటనే అప్‌డేట్ చేయండి" అని ఎర్రగా మెరిసేది అప్‌డేట్ కాదు, వల. అసలైన అప్‌డేట్ సెట్టింగ్స్‌లో గాని, ప్లే స్టోర్, యాప్ స్టోర్‌లలో గాని ఉంటుంది. అప్‌డేట్ చేస్తామని ఎవరూ ఫోన్ చేయరు.

పిల్లలూ, ఈ శనివారం మీకో పని. ఒక కాగితం తీసుకుని ఇంట్లో ఇంటర్‌నెట్‌కు తగిలించినవన్నీ రాయండి: ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ, గేమ్ బాక్సు, అందరూ మరిచిపోయే వైఫై రౌటర్. ఒక్కొక్కదానికి చివరిసారి అప్‌డేట్ ఎప్పుడు పడిందో అమ్మనో నాన్ననో అడిగి పక్కన రాయండి. ఆ తర్వాత తాతగారికి వీడియో కాల్ చేసి, ఆయన ఫోన్‌లో తేదీ కూడా చదివించండి. మీ జాబితాలో అన్నింటికన్నా పాత తేదీ బహుశా అదే కావచ్చు. దానితోనే మొదలుపెట్టండి.