బండికి ఉన్న జాగ్రత్త మంచం మీది రోగికీ కావాలి

ఖరగ్‌పూర్ నిమ్‌పురా యార్డు నుంచి గూడ్సు బండి కదిలిందంటే ఇంజన్లో ఇద్దరుంటారు. ఎదురుగా సిగ్నల్ కనపడగానే లోకో పైలట్ దాని రంగు పైకి చెబుతాడు. పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి చెబుతాడు. ఇద్దరి కళ్లకూ కనపడుతున్న పచ్చదీపాన్ని మళ్లీ నోటితో చెప్పుకోవడం ఎందుకని కొత్తవాళ్లకు అనిపిస్తుంది. ముప్పై ఏళ్ల సర్వీసున్న డ్రైవరైనా అలసిపోతాడు, పరాకుపడతాడు. ఒకరి కన్ను పొరబడితే రెండోవారి గొంతు ఆపాలి. ఎన్నో ప్రమాదాలు చూశాక రైల్వే పెట్టుకున్న కట్టుబాటు ఇది.

ఆసుపత్రులు ఈ పాఠం చాలా ఆలస్యంగా మొదలుపెట్టాయి.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్లు ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడ్డారు. మథురాకాటి, నిమ్‌పురా వంటి రైల్వే కాలనీల్లో ఇప్పటికీ తెలుగు వినపడుతుంది. జబ్బు చేస్తే ఉద్యోగులూ పెన్షనర్లూ రైల్వే ఆసుపత్రికి వెళతారు, మిగతావాళ్లు మహకుమా (సబ్‌డివిజన్) ఆసుపత్రికి వెళతారు. కేసు పెద్దదైతే కంసావతి నది దాటి మేదినీపూర్ మెడికల్ కాలేజీకి, రైల్వే వాళ్లయితే కలకత్తా గార్డెన్ రీచ్‌లోని సెంట్రల్ హాస్పిటల్‌కు పంపుతారు. ఎక్కడికి వెళ్లినా మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘డాక్టరుగారి హస్తవాసి ఎలాంటిది?’ రోగి భద్రత మీద గత మూడు నాలుగు దశాబ్దాల్లో జరిగిన పరిశోధన అంతా ఆ ప్రశ్న ఒక్కటే చాలదని చెబుతోంది.

అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు న్యూయార్క్ రాష్ట్రంలోని 51 ఆసుపత్రుల నుంచి 1984 నాటి 30,000కు పైగా కేస్ షీట్లు తీసి చదివారు. ఫలితాలు 1991లో వచ్చాయి. చేరినవారిలో 3.7 శాతం మందికి జబ్బు వల్ల కాక, చికిత్స వల్లే హాని జరిగింది. అందులో నాలుగో వంతుకు పైగా నిర్లక్ష్యం కిందికి వచ్చేవి. ఇలాంటి అధ్యయనాల ఆధారంగానే అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లో ఒక నివేదిక ఇచ్చింది. వైద్యంలో జరిగే పొరపాట్ల వల్ల అమెరికా ఆసుపత్రుల్లో ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని అందులో అంచనా వేసింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం చికిత్స పొందుతున్న ప్రతి పదిమందిలో ఒకరికి ఏదో ఒక హాని జరుగుతోంది. అందులో సగానికి పైగా నివారించదగ్గదే.

తప్పు చేసినవాణ్ణి పట్టుకుని శిక్షిస్తే సరిపోతుందా? బ్రిటన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ చాలదన్నాడు. అణు కేంద్రాలు, విమానాలు, రైళ్లలో జరిగిన ప్రమాదాలను ఆయన ఏళ్ల తరబడి పరిశీలించాడు. ప్రమాదాన్ని ఆపడానికి ప్రతి సంస్థలోనూ వరసగా కొన్ని అడ్డుగోడలు ఉంటాయి. ఏ గోడా నిండుగా ఉండదు, ప్రతిదానికీ ఎక్కడో ఒక చిల్లు ఉంటుంది. అన్ని గోడల చిల్లులూ ఒకే వరసలోకి వచ్చిన రోజు ప్రమాదం లోపలికి దూరుతుంది. చివరి గోడ దగ్గర నిలబడినవాడు మనకు కనపడతాడు. వెనకనున్న చిల్లులు అలాగే ఉండిపోతాయి.

ఆ చిల్లులు పూడ్చే పద్ధతుల్లో బాగా పేరొచ్చినది ఆపరేషన్ థియేటర్ చెక్‌లిస్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఈ ఒక్క పేజీ కాగితంలో 19 అంశాలున్నాయి. మత్తు ఇచ్చే ముందు ఒకసారి, కత్తి పెట్టే ముందు ఒకసారి, రోగి థియేటర్ దాటే ముందు ఒకసారి అందరూ ఆగాలి. పేషెంటు పేరేమిటి, ఆపరేషన్ ఎటువైపు, ఏ మందు పడదు, రక్తం సిద్ధంగా ఉందా అని పైకి చెప్పుకోవాలి. సర్జన్, మత్తు డాక్టరు, సిస్టర్లు తమ పేరూ పనీ చెప్పుకోవాలి. కుట్లు వేసి బయటికి పంపే ముందు గాజుగుడ్డలూ పనిముట్లూ సూదులూ లెక్క సరిపోయాయని సిస్టర్ గట్టిగా చెప్పాలి. సిగ్నల్ రంగు పలకడం లాంటిదే ఇదీ. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దీన్ని అమలు చేసి చూశారు. ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, పెద్ద చిక్కులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఐసీయూలు మరో మెట్టు ఎక్కాయి. పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేసేటప్పుడు డాక్టరు చెయ్యాల్సిన పనులు ఐదు: చేతులు కడగడం, రోగిని పూర్తిగా శుభ్రమైన గుడ్డతో కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, వీలైనంతవరకు గజ్జల్లో గొట్టం వెయ్యకపోవడం, అవసరం తీరగానే తీసెయ్యడం. ఇందులో కొత్తదేమీ లేదు. కొత్తది మరొకటి. డాక్టరు ఒక మెట్టు వదిలేస్తే ఆపే అధికారం సిస్టర్‌కు ఇచ్చారు. పీటర్ ప్రొనోవొస్ట్ బృందం 2006లో ప్రకటించిన ఫలితాల్లో, గొట్టం ద్వారా రక్తానికి సోకే ఇన్‌ఫెక్షన్లు మూడు నెలల్లోనే సగానికి సగం ఐసీయూల్లో సున్నాకు వచ్చాయి.

ఖరగ్‌పూర్‌లో డ్రైవర్లూ గార్డులూ డ్యూటీ మారడం రోజూ చూసేదే. దిగేవాడు ఎక్కేవాడికి బండి పరిస్థితి అప్పగించకుండా కదలడు. ఆసుపత్రిలో డాక్టర్ల డ్యూటీ మారే వేళే ఎక్కువ సంగతులు జారిపోతాయి. ఒక క్రమం ప్రకారం రోగి వివరాలు అప్పగించేలా తొమ్మిది పిల్లల ఆసుపత్రుల్లో జూనియర్ డాక్టర్లకు శిక్షణ ఇచ్చారు. వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం, నివారించదగ్గ హాని 30 శాతం తగ్గాయని 2014లో తేలింది.

అయితే కాగితం ఒక్కటే ప్రాణం కాపాడదు. ఉత్తరప్రదేశ్‌లోని 120 ప్రసవ కేంద్రాల్లో చెక్‌లిస్టు పెట్టి, సిబ్బందికి నెలల తరబడి శిక్షణ ఇచ్చారు. 1,57,000కు పైగా ప్రసవాల ఫలితాలు చూశారు. చెయ్యాల్సిన పనులు చెయ్యడం బాగా పెరిగింది. రెండు నెలలకు శిక్షణ ఉన్న చోట 73 శాతం, లేని చోట 42 శాతం. కానీ తల్లీబిడ్డల మరణాల్లో, తల్లులకు వచ్చే తీవ్రమైన చిక్కుల్లో తేడా రాలేదని 2017లో వచ్చిన నివేదిక చెప్పింది. మందులు, రక్తం, పెద్దాసుపత్రికి చేర్చే ఏర్పాటు, చాలినంతమంది చేతులు వెనక లేకపోతే చెక్‌లిస్టు అక్కడితో ఆగిపోతుంది.

తప్పిన గండాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో రైల్వేకే మరో పాఠం దొరికింది. 2023 జూన్ 2న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఖరగ్‌పూర్ దాటి వెళ్లాక, ఇదే డివిజన్‌లోని బహనాగా బజార్ దగ్గర లూప్ లైన్లోకి మళ్లి గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా చనిపోయారు. రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణలో సిగ్నల్ వైరింగ్ పనిలో లోపాలు బయటపడ్డాయి. దానికి ఏడాది ముందు, 2022 మే 16న ఇదే డివిజన్‌లోని బాంక్రా నయాబాజ్ స్టేషన్లో తప్పు వైరింగ్ వల్లే అలాంటి ఘటన జరిగిందనీ, అప్పుడే సరిదిద్దుకుని ఉంటే బహనాగా ప్రమాదం జరిగేది కాదనీ ఆ నివేదిక రాసింది.

ఆసుపత్రుల్లో ఇలా ఒకచోటి హెచ్చరిక రెండోచోటికి అందాలంటే దారేది? 2024 నవంబరులో బళ్లారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ అయిన తల్లులు వరసగా చనిపోతే, బెంగాల్‌కు చెందిన ఒక కంపెనీ సెలైన్ మీద అనుమానం వచ్చింది. 2025 జనవరిలో మేదినీపూర్ మెడికల్ కాలేజీలో సిజేరియన్ అయిన ఐదుగురు తల్లుల పరిస్థితి విషమించి ఒకరు మరణించారు. అక్కడా అదే కంపెనీ సెలైన్ మాట వచ్చింది. ఆపరేషన్ల వేళ సీనియర్లు లేరన్న ఆరోపణపై రాష్ట్ర ప్రభుత్వం పన్నెండుమంది డాక్టర్లను సస్పెండ్ చేసింది. బాధ్యత ఉన్నవారు జవాబు చెప్పాల్సిందే. కానీ సెలైన్ కొనుగోలు, పరీక్ష, హెచ్చరిక పంపడం, రాత్రి డ్యూటీలో సీనియర్ ఉండేలా చూడడం వేర్వేరు గోడలు. వాటిలో చిల్లులు ఎక్కడున్నాయో సస్పెన్షన్ ఉత్తర్వు చెప్పదు.

రైల్వేలో ప్రమాదాన్ని విచారించే కమిషన్ రైల్వే బోర్డు చేతిలో ఉండదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. ఇంగ్లండ్ 2017లో ఆసుపత్రుల కోసం ఇలాంటి ప్రత్యేక విచారణ విభాగాన్ని తెచ్చింది. ఎవరిని శిక్షించాలన్నది దాని పని కాదు, ఎందుకు జరిగిందో కనిపెట్టి చెప్పడమే దాని పని. మన దేశంలోనూ అలాంటిది రావాలి.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు మరో చిక్కు భాష. శ్రీకాకుళం నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన అవ్వకు గుండెలో నొప్పి వస్తే, బెంగాలీ సిస్టర్‌కు ఆమె ఏం చెప్పగలదు? అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో నమోదైన హానికర ఘటనలను పోల్చి చూస్తే, ఇంగ్లీషు సరిగా రాని రోగుల విషయంలో 49 శాతం, వచ్చినవారి విషయంలో 30 శాతం ఘటనలు శరీరానికి దెబ్బగా మారాయి. బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చేందుకు ఒప్పుకుంది. ఆ గౌరవం ఆసుపత్రి ఒప్పుకోలు పత్రంలోనూ మందుల చీటీ మీదా కనపడినప్పుడే రోగికి ఉపయోగం.

ఈ ఊళ్లో రైల్వే ఉంది. డాక్టర్లకు ఇంజనీరింగ్ నేర్పే వైద్య సాంకేతిక విభాగాన్ని 2001లో మొదలుపెట్టిన ఐఐటీ ఉంది. బండి భద్రత తెలిసినవారు, పరిశోధన తెలిసినవారు, వైద్యం తెలిసినవారు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఇక్కడి వార్డుల్లో పొరపాట్లు ఎక్కడ పుడుతున్నాయో లెక్కతీయొచ్చు.

అప్పటిదాకా ఇంటివాళ్లం చెయ్యగలిగింది కొంత ఉంది. రోజూ వేసుకునే మందుల పేర్లు, పడని మందులు ఒక కాగితం మీద రాసి రోగి వెంట పంపండి. ఇంజక్షన్ ఇచ్చే ముందు పేరు అడగలేదంటే మీరే చెప్పండి. ఏ మందు, ఎందుకని అడగండి. డాక్టరుగారికి కోపం వస్తుందేమోనని ఊరుకోకండి. మందు వికటించిందనిపిస్తే ప్రభుత్వ టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024కు ఎవరైనా ఫోన్ చేసి చెప్పొచ్చు. అలా నమోదైన సంగతి మరో ఊళ్లో మరో రోగికి హెచ్చరిక అవుతుంది.